మొదటి కీమో: దేవుడి పటం పక్కన థర్మామీటర్ కూడా పెట్టండి

"వచ్చే సోమవారం అమ్మకు మొదటి కీమో. రొమ్ము క్యాన్సర్. అమ్మకు దేవుడి మీద నమ్మకం ఎక్కువ, నాకేమో టెన్షన్ ఎక్కువ. ఆ రోజు ఎలా ఉంటుంది? తనకు ధైర్యం ఎలా చెప్పాలి?" అని అడిగారు.

నాదీ రొమ్ము క్యాన్సరే. ఉండేది మల్కాజిగిరిలో. మొదటి కీమో అయి నాలుగేళ్ళు దాటింది. నాకు ఎక్కించింది ఏసీ అంటారే, ఆ రెండు మందుల జత. మూడు వారాలకోసారి, మొత్తం నాలుగు సార్లు. అమ్మగారికి వేరే మందు రాస్తే ఇందులో కొన్ని మారతాయి.

ముందు రోజు చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళాను. 11 ప్రదక్షిణలు చేసి, బాగైతే వచ్చి 108 చేస్తానని మొక్కుకున్నాను. చుట్టూ అమెరికా వీసాల కోసం తిరిగే పిల్లలు. "నాకు మాత్రం ఇక్కడే ఉండిపోయే వీసా ఇప్పించు స్వామీ" అనుకుంటే నాకే నవ్వొచ్చింది. రిపోర్టు చేతికొచ్చాక నవ్వడం అదే మొదటిసారి.

ఇక ఆ రోజు సంగతి. ఖాళీ కడుపుతో రావద్దన్నారు, రెండు ఇడ్లీ తిని వెళ్ళాను. గుండె పరీక్ష, టూడీ ఎకో, అంతకు ముందే అయిపోయింది. చేతి నరానికి కాన్యులా, అంటే మందు ఎక్కించే చిన్న గొట్టం, పెట్టి ముందు వాంతులు రాకుండా ఒక మందు, స్టెరాయిడ్ ఎక్కించారు. తర్వాత ఆ జతలో ఒకటైన, అందరూ భయపెట్టే ఎర్ర మందు. దాన్ని సిస్టర్ పక్కనే కూర్చుని సిరంజితో మెల్లగా ఎక్కించింది. అది నరం బయటికి కారితే లోపలి కండ, చర్మం దెబ్బతింటాయట. అందుకని చెయ్యి మండినా, సలిపినా ఆ క్షణమే చెప్పాలి. మన ఆడవాళ్ళకు ఓర్చుకోవడం అలవాటు కదా, అక్కడ మాత్రం ఓర్చుకోవద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. ఆ సాయంత్రం మూత్రం ఎర్రగా వచ్చేసరికి మా ఆయన మొహం తెల్లబోయింది. అది రక్తం కాదు, మందు రంగే. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నీళ్ళు బాగా తాగమంటారు, తాగించండి.

పక్క మంచం మీద పాతబస్తీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. తస్బీహ్, అంటే వాళ్ళ జపమాల, తిప్పుకుంటోంది. నేను ఫోన్‌లో విష్ణు సహస్రనామం పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్ తీయమని సైగ చేసి, వచ్చీరాని తెలుగులో ఒక మాట చెప్పింది: "ఈ నాలుగు రోజులు నీకు ఇష్టమైన కూర తినకు బిడ్డా, మళ్ళా జన్మలో తినలేవు." నేను వినలేదు. మూడో రోజు మా ఆడపడుచు ప్రేమగా గుత్తి వంకాయ చేసుకొచ్చింది. వికారం మీద తిన్నాను. ఇవాళ్టికీ నాకు గుత్తి వంకాయ వాసన పడదు. కాబట్టి ఆ రోజుల్లో పెసరపప్పు కిచిడీ, మజ్జిగన్నం లాంటి మామూలు తిండి పెట్టండి. ఇష్టమైనవి తర్వాతికి దాచండి.

మొదటి రాత్రి నిద్ర పట్టదు, అది స్టెరాయిడ్ పని. నేను తెల్లవారుజామున మూడింటికి లేచి పోపుల డబ్బా కడిగాను! ఆ హుషారు చూసి "కీమో అంటే ఇంతేనా" అనుకున్నాను. మూడో రోజు నుంచి నీరసం, మలబద్ధకం, నోట్లో ఇనుము రుచి. ఆరో రోజుకు కాస్త లేచి తిరిగాను.

అసలు చెప్పాల్సింది పదకొండో రోజు గురించి. కీమో తర్వాత దాదాపు వారం నుంచి రెండు వారాల మధ్య, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. 100.4 జ్వరం వస్తే అర్ధరాత్రైనా ఫోన్ చేసి రమ్మని కాగితం మీద రాసే ఇచ్చారు. ఆ రాత్రి నాకు 100.8 ఉంది. నేనేం చేశాను? డోలో ఒకటి వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని, "స్వామి ఉన్నాడు, తెల్లారేసరికి తగ్గుతుంది" అని పడుకున్నాను. తగ్గింది కూడా, డోలో వల్ల. పొద్దున వణుకుతో లేచాను. మూడు రోజులు అడ్మిట్ చేసి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. డాక్టరమ్మ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. "దేవుడు నీకు థర్మామీటర్ కూడా ఇచ్చాడమ్మా" అంది. అప్పటి నుంచి అది మా దేవుడి గూట్లోనే ఉంటుంది. జ్వరానికి చెప్పకుండా మాత్ర వేయకండి. ఆ రోజుల్లో గుడికి, పెళ్ళిళ్ళకి పంపకండి. చిలుకూరుకు నా బదులు మా ఆయన వెళ్ళాడు, నేను ఇంట్లో కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను. ఫలానా ఆకు రసం తాగించమని ఎవరో ఒకరు చెప్తారు. డాక్టర్ని అడగకుండా ఏదీ పోయకండి.

ధైర్యం ఎలా చెప్పాలని కదా అడిగారు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "నీకేం కాదు" అన్నారు. అది వింటే నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే అవుతూనే ఉంది కదా! మా ఆయనకు మాటలు రావు. క్యాలెండర్‌లో రోజుల మీద అంకెలు వేశాడు. "ఇవాళ నాలుగు. ఆరో రోజుకు లేస్తావు" అనేవాడు. లేచాను. రెండోసారి కీమోకి ఆ క్యాలెండర్ చూసుకుంటే సగం భయం పోయింది. అమ్మగారి పూజ ఆపమనకండి. పక్కన కూర్చుని క్యాలెండర్ మీరు రాయండి.

జుట్టు సంగతి కూడా అడుగుతారు. పదహారో రోజు దిండు నిండా జుట్టే. మర్నాడే ఇంట్లో గుండు చేయించుకున్నాను. ఏడుపు ఆగక, "మళ్ళీ జుట్టు వస్తే అది నీదే వెంకన్నా, తిరుమల వచ్చి ఇస్తా" అని ఇంకో మొక్కు మొక్కాను. వచ్చింది. అదీ ఉంగరాలు తిరిగి, నా పెళ్ళికి కూడా లేనంత అందంగా. చిలుకూరు 108 తీర్చేశాను. ఈ రెండోదే ప్రతి ఏడూ "వచ్చే వేసవికి" అంటూ వాయిదా వేస్తున్నాను.