బాల్కనీ దగ్గర మాత్రం నా మాట విను

చి.సౌ. అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

తెనాలి స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం. మన ఇంట్లో ఆడపిల్ల సొంత జీతంతో ఇల్లు కట్టడం ఇదే మొదలు. మేస్త్రీ మాటలు సగం అర్థం కావట్లేదన్నావట. అర్థం కాకుండానే తలూపుతున్నావా? ఆ పని మాత్రం చెయ్యకు.

ఫుటింగ్ అంటే పిల్లర్ కింది పాదం. మనది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల. ఎంత లోతన్నది మట్టి పరీక్ష చేయించి ఇంజనీర్‌నే అడుగు, పక్కింటి లెక్క పనికిరాదు. ప్లింత్ బీమ్ నేలమట్టం దగ్గర పిల్లర్లన్నిటినీ కలిపి కట్టే మొలతాడు. లింటెల్ తలుపుల మీద గోడ బరువు మోసేది, దాన్నుంచి బయటికి వచ్చేది సజ్జ. పిట్టగోడ మూడున్నర అడుగులకు తగ్గనివ్వకు, నీ కొడుకు కోతి. వాస్తు మీ అత్తగారు చూసుకుంటారు, నేను మాట్లాడను.

ఇక బాల్కనీ. ఒక పక్కనే పట్టు ఉండి బయటికి చాచుకుని ఉండేదాన్ని కాంటిలీవర్ అంటారు. గది మీది స్లాబ్‌కి రెండు పక్కలా గోడలుంటాయి, బరువుకి నడుమ కిందివైపు సాగుతుంది, అందుకని అసలు రాడ్లు కింద వేస్తారు. బాల్కనీ అలా కాదు. చేయి ముందుకి చాపి బిందె పట్టుకుని చూడు, లాగేది భుజం పైన. కాబట్టి దాని రాడ్లు పైన ఉండాలి.

ఇది నాకు తెలియక కాదు. 1991లో నా ఇల్లు మొదలుపెట్టేనాటికి పదిహేనేళ్లుగా జనాల ఇళ్లు కట్టిస్తున్నాను. రాడ్లు పైనే కట్టించాను. వాటిని ఎత్తిపట్టే చైర్లు, అంటే పీటల్లా వంచిన రాడ్డు ముక్కలు, రెండే పెట్టారు. పోనీలే అన్నాను. స్లాబ్ రోజు మబ్బు పట్టింది. కాంక్రీటు గమేళాలు, అంటే ఇనప తట్టలు, మోసేవాళ్లు ఆ రాడ్ల మీదుగానే పరుగులు. ఒక్కో అడుగుకీ అవి కిందికి దిగడం నా కళ్లతో చూశాను. చూసి, టీలు తెప్పించే పనిలో పడ్డాను. కాంక్రీటు పడ్డాక ఇంకేం కనబడుతుంది?

సెంట్రింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే చెక్కలూ సపోర్టులూ, విప్పాక పైన గోడ వెంట దారమంత చీలిక. సిమెంట్ పాలు పోసి పూడ్చాను. మీ పెద్దమ్మ అడిగితే పైపగులే అన్నాను. మూడో ఏడు వానాకాలం ఆవిడ ఆరేసిన దుప్పటి తీసుకుని గడప దాటి లోపలికి వచ్చింది. వెనకే బాల్కనీ తులసి కుండీతో సహా వీధిలో పడింది. విరిగిన చోట రాడ్లు అడుగున, తుప్పుపట్టి. ఆవిడ ఆ తడి దుప్పటి చాలాసేపు కింద పెట్టలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది.

అందుకని స్లాబ్ రోజు చైర్లు నువ్వే లెక్కపెట్టు. నడవడానికి చెక్కలు వేయించు. జారుగా ఉండాలని కాంక్రీటులో నీళ్లు గుమ్మరిస్తారు. ఎం20 అనే రకం కాంక్రీటుకి సిమెంట్ బస్తాకి 30 లీటర్లు దాటనివ్వకు, ఇసుకలో తడి కూడా ఆ లెక్కలోదే. పది రోజులు స్లాబ్ ఆరకూడదు. బాల్కనీ సపోర్టులు 28 రోజులు కదపనివ్వకు. విప్పేది కూడా బయటి అంచు నుంచి గోడవైపుకి. గోడ దగ్గరివి ముందు లాగేస్తే స్లాబ్ వంతెనలా నిలబడి, రాడ్డు లేని అడుగువైపు చీలుతుంది. మేస్త్రీ నవ్వితే నవ్వనీ.

స్లాబ్ తారీఖు పది రోజుల ముందే చెప్పు. మోకాళ్లు మేడ ఎక్కనివ్వవు, కింద కూర్చునే అరుస్తాను. మీ పెద్దమ్మ గృహప్రవేశానికి వస్తానంటోంది. బాల్కనీలోకి మాత్రం రాదట, బలవంతం చెయ్యకు.

మీ పెద్దనాన్న