సముద్రపు గాలి, పాత కంప్యూటర్

ప్రశ్న: మాది విశాఖలో పెదవాల్తేరు, బీచ్‌కి దగ్గరే. పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఆన్ అవడానికే ఐదు నిమిషాలు పడుతోంది, ఫ్యాన్ రొద వేరే. మావారు కొత్తది కొనేద్దామంటున్నారు. ఇంకొన్నాళ్లు నడపొచ్చా? – ఒక గృహిణి

జవాబు: నడపొచ్చమ్మా, మీవారిని కాస్త ఆగమనండి. ముందు ఫొటోలూ కాగితాలూ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (సమాచారాన్ని చిప్పుల్లో దాచే డ్రైవ్) వేయించండి. పాతదాంట్లో పళ్లెం గిరగిరా తిరుగుతూ ఉంటే దానిమీది సమాచారాన్ని ముల్లు వెతుక్కోవాలి, ఇందులో తిరిగేదే ఉండదు కాబట్టి తేడా మొదటిరోజే తెలుస్తుంది. ర్యామ్, అంటే పని చేస్తున్నంతసేపు కంప్యూటర్ వాడుకునే మెమరీ, 4 జీబీ అయితే 8 చేయించండి, అంతే.

రొద మాత్రం దుమ్ము వల్లే అయ్యుంటుంది. ప్లగ్ పీకేసి, పక్క రేకు విప్పి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి. వాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టకండి, స్టాటిక్ కరెంటుతో బోర్డు పోవచ్చు. మన ఊళ్లో దుమ్ముకంటే ఉప్పుగాలి మొండిది, తేమతో కలిసి కనెక్టర్లకి తుప్పు పట్టిస్తుంది, అందుకే సముద్రం వైపు కిటికీ కింద పెట్టొద్దు. నెలల తరబడి మూలన పడేయకుండా అప్పుడప్పుడూ ఆన్ చేస్తే ఆ వేడికి లోపల తేమ ఆరుతుంది. ముచ్చటపడి కుట్టించిన కవర్ ఉంటే ఆపేశాక, చల్లారాకే కప్పండి, నడుస్తుండగా కప్పేవాళ్లని చూశాను!

ఇంకోటి, మీదాంట్లో ఉన్నది విండోస్ 10 అయితే, దానికి మామూలు సపోర్ట్ (ఉచిత భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పదేళ్ల మెషిన్ విండోస్ 11కి సాధారణంగా ఒప్పుకోదు. బ్రౌజింగ్, ఉత్తరాలు టైపు చేసుకోవడం వరకే అయితే విండోస్ బదులు పనిచేసే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా వేయించుకోండి.