ఎక్కడి నుంచి రెండడుగులు?

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ నాన్న ఫోను చేసి, విజయవాడలో పన్నెండు మంది కొత్త బీమా సర్వేయర్లకు నష్టం అంచనా నేర్పే పని నీకు అప్పగించారని చెప్పాడు. ఫోను పెట్టేశాక మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి "విన్నానులెండి, ముందు కాఫీ తాగండి" అంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు బాగా నేర్పుతావు, అందులో సందేహం లేదు. ఆ పన్నెండు మందిలో ఎవడో ఒకడు ఉత్సాహం కొద్దీ సిమెంటు రేకుల కప్పు ఎక్కుతాడేమోనని నా భయం.

నవ్వకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో నా వెంట వచ్చిన కుర్రాడు రేకులు లెక్కపెడతానని గోదాము పైకెక్కాడు. పైనుంచి అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కాలు దిగబడింది. తొడ దగ్గర దూలం అడ్డుపడి బతికాడు. కింద టేపు కొస పట్టుకుని నిలబడిన నా పక్కన వాడి చెప్పు వచ్చి పడింది. లోపల నిలబడి తలెత్తితే పగిలిన చోటల్లా వెలుగు కనిపిస్తుంది, ఆ లెక్క చాలు. వరద దిగిన ఇంట్లో కరెంటు మెయిన్ ఆపారో లేదో చూసుకోకుండా అడుగు పెట్టకూడదు. మొదటి రోజు ఈ రెండే చెప్పు. దెబ్బతిన్న ఇంటి కొలతల పటం గీయడం రెండో రోజు.

పటం మీద ఉత్తరం గుర్తు, తేదీ ఉండాలి. గదికి నాలుగు గోడలూ కొలవాలి, ఎదురెదురు గోడలు సమానమని అనుకోకూడదు. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియనిది ఒకటుంది. మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1996 నవంబరు 6న వచ్చిన తుపానుకు కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. రోడ్లకు అడ్డం పడిన చెట్లు తొలగించిన కొద్దీ ఒక్కో ఊరూ తిరుగుతూ, రోజుకు నాలుగైదు చోట్లు చూసేవాణ్ణి. అమలాపురం అవతల ఒక రైస్ మిల్లు. గోదాములో ఒకదానిమీద ఒకటి పేర్చిన బస్తాల నెట్లు. లోపలి గోడ మీద ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు బురద గీత. గచ్చు నుంచి కొలిచాను, రెండడుగులు. పటంలో ఆ గోడ పక్కన "నీటి గీత 2 అడుగులు" అని రాసుకున్నాను. కెమెరా రీలులో ఇంకా నాలుగు ఫొటోలే మిగిలాయి. మర్నాడు చూడవలసిన యంత్రాల కోసం వాటిని దాచుకున్నాను. గీతను ఫొటో తీయలేదు.

డిసెంబరు చివర్లో పై కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రెండడుగులు ఎక్కడి నుంచి? పాలసీ కాగితాల్లో ఆ గోదాము పునాది ఎత్తు అడుగున్నర అని ఉంది. బయట నేల నుంచి రెండడుగులైతే లోపలికి వచ్చిన నీళ్లు అరడుగే. అందులో నాలుగంగుళాలు నెట్టు కింద పరిచిన చెక్కలకే సరి, అట్టడుగు వరస కాస్త తడిసి ఉంటుంది. గచ్చు నుంచే రెండడుగులైతే, పడుకోబెట్టిన బస్తాకు తొమ్మిదంగుళాల లెక్కన, రెండు వరసలు పూర్తిగా మునిగి మూడోదాన్ని కూడా నీళ్లు తాకుతాయి. గచ్చు నుంచేనని బదులు రాశాను. రుజువు చూపమన్నారు.

మళ్లీ వెళ్లేసరికి సంక్రాంతికి వారం ఉంది. గోదాముకు తెల్లగా సున్నం కొట్టించారు, గడపకు పసుపు రాశారు. తడిసిన బియ్యం ఎప్పుడో అమ్మేశారు. గీత జాడ దొరుకుతుందేమోనని గోడంతా అరచేత్తో తడిమాను. చేతికి సున్నం అంటింది. మిల్లు యజమాని ఒక్క మాట అనలేదు. కొబ్బరిబొండం కొట్టించి చేతికిచ్చి, "మీరు కొలిచారు కదండీ, మీకు తెలుసు కదండీ" అన్నాడు. క్లెయిము ఒక్క వరసకే తేలింది. మరుసటి ఏడు అటు వెళ్తే మిల్లు బోర్డు మీద వేరే పేరు ఉంది. ఎందుకని నేను అడగలేదు.

కాబట్టి ప్రతి అంకె పక్కనా ఎక్కడి నుంచి ఎక్కడికో రాయించు. టేపు గోడకు ఆనించి, గీతా గచ్చూ రెండూ పడేలా ఫొటో తీయించు. ఇప్పుడు రీలు బాధ లేదు కదా అంటావు. 2024లో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్‌లో ఒక కుర్రాడు తీసిన ఫొటోలు నువ్వే చూపించావు. ఏది ఏ గదో వాడికే తెలియలేదు. పటంలో గదులకు అంకెలు వేసి, ఫొటో ఎక్కడ నిలబడి ఎటువైపు తీశారో బాణం గుర్తు పెట్టించు.

పటం అక్కడే గీయాలి, లాడ్జీకి వెళ్లి కాదు. గీశాక ఇంటివాళ్లకు చూపించాలి. చాలామందికి అది అర్థం కాదు, కానీ చూడగానే "ఇక్కడ బీరువా ఉండేదండీ" అంటారు. వెళ్లి చూస్తే గోడ మీద బీరువా అంత మేర రంగు వేరుగా ఉంటుంది.

నీకు కోపం ఎక్కువ. తప్పు గీసినవాణ్ణి పదిమందిలో నిలబెట్టకు. మీ నాన్నకు లెక్కలు చెప్పేటప్పుడు నేను చేసిన పని అదే. వాడు ఈనాటికీ నా ఎదుట కూడికలు చేయడు.

అమలాపురం వెళ్లిన టేపునే బస్సు పార్సిల్లో పంపుతున్నాను. కొస విరిగి మొదటి అంగుళం పోయింది. ఒకటి దగ్గర ఆనించి కొలిచి, చివర్లో ఒకటి తీసెయ్యాలి. మరిచిపోతారేమో, పెట్టె మీద ఎర్ర సిరాతో రాశాను.

రేకుల సంగతి మీ అమ్మకు చెప్పకు.

పెదనాన్న