స్విచ్ బోర్డులో న్యూట్రల్ ఉందా?

ప్రశ్న: కావలిలో ఇల్లు కట్టుకుంటున్నాం, గోడలకు ఇంకా పూత కాలేదు. మున్ముందు స్మార్ట్ స్విచ్‌లు పెట్టుకోవాలంటే వైరింగులో ఇప్పుడే ఏం చేయించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రతి స్విచ్ బోర్డులోకీ న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వేయించండి. మామూలు స్విచ్‌కు ఫేజ్ (కరెంటు తెచ్చే తీగ) ఒక్కటే చాలు గనుక, ప్లగ్ పాయింటు లేని బోర్డులకు న్యూట్రల్ తేకుండా వదిలేయడం చాలామంది ఎలక్ట్రీషియన్లకు అలవాటు; కానీ దీపం ఆర్పి ఉన్నప్పుడు కూడా వైఫై సంకేతం కోసం ఎదురుచూస్తూ ఉండవలసిన స్మార్ట్ స్విచ్‌లలో ఎక్కువ వాటికి న్యూట్రల్ లేనిదే కరెంటు అందదు. స్మార్ట్ స్విచ్‌లు పట్టేలా, గోడలో అమర్చే స్విచ్ బాక్సులు లోతైనవి ఎంచుకోండి. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడివిడి లైన్లు, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్), సరైన ఎర్తింగు ఉండాలి. స్మార్ట్ హంగులకన్నా ముందు వీటికే ఖర్చు పెట్టమంటాను. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, ఇత్తడి టెర్మినళ్లున్న స్విచ్‌లే కొనండి.