గడ్డి మీద పరిశోధన చేస్తే అమ్మాయి ఎప్పటికి స్థిరపడుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం. ఎమ్మెస్సీలో జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ తీసుకుని జొన్న, పశుగ్రాసం మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. ‘గడ్డి మీద పీహెచ్‌డీ ఏంటి?’ అని చుట్టాలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. యూకేలో ఏడాది బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేస్తే జీన్ ఎడిటింగ్‌లో బాగా గిరాకీ ఉంటుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. దానికి పొలం మీద లోను తేవాలి. మాకున్నది నాలుగెకరాలు, రెండు గేదెలు. ఎండాకాలం గడ్డి కొనుక్కుంటాం. ఏది మేలు? ఎప్పటికి స్థిరపడుతుంది? – ఒక తండ్రి, వనపర్తి జిల్లా

జవాబు: రెండు కోర్సుల్లో ఏది మేలని అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది వేరే భయం. అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా చదువే సరిపోతే, ఆ తర్వాత కూడా ఉద్యోగం దొరక్కపోతే ఏంటి గతి అన్నది. అగ్రికల్చర్ చదివిన పిల్లల తల్లిదండ్రులు రాసే ఉత్తరాల్లో చాలావరకు ఇదే ఉంటుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

మీ అమ్మాయి చేతిలో ఉన్న నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ డిగ్రీ ఎక్కడికీ పోదు. వ్యవసాయాధికారి పోస్టులకు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు కావలసిన అర్హత అదే. వయసు పరిమితి దాటనంతవరకు ఆ తలుపులు తెరిచే ఉంటాయి. ఎమ్మెస్సీకి రెండేళ్లు. అది ముగిశాక విత్తన కంపెనీల్లో బ్రీడింగ్ విభాగంలో చేరవచ్చు, పరిశోధన సంస్థల ప్రాజెక్టుల్లో పనిచేయవచ్చు. ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)గా చేరితే, జాతీయ అర్హత పరీక్ష నెట్ ఉన్నవారికి 2023 నుంచి నెలకు రూ.37 వేలు, దానిపై ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీకి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఫెలోషిప్ దొరికితే ఆ కాలం చాలావరకు దాని మీదే నడుస్తుంది. తర్వాత విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయినా, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి)లో శాస్త్రవేత్త అయినా మూల వేతనం రూ.57,700 దగ్గర మొదలవుతుంది. నోటిఫికేషన్లు ఏటా రావు, వచ్చినా పోస్టులు కొద్దిగానే ఉంటాయి. ఆ మాట దాచను. కానీ మీరు ఊహిస్తున్నట్టు ఆరేళ్లు అమ్మాయి ఇంట్లో ఖాళీగా కూర్చోదు. ఆ ఆరేళ్లలో ఎక్కువ భాగం తన ఖర్చు తనే పెట్టుకుంటుంది.

ఇక గడ్డి సంగతి. మీరు తినే వరి కూడా గడ్డి జాతి మొక్కే. జొన్న, సజ్జ, మొక్కజొన్న, గోధుమ, చెరకు అన్నీ అదే కుటుంబం. వాటి పక్కనే నేపియర్, గినీ గడ్డి, అంజన్ గడ్డి. ఒకదాని జన్యువుల గురించి నేర్చుకున్నది మరోదానికి పనికొస్తుంది. ఈ చదువుకు అంత విస్తృతి రావడానికి కారణం అదే. మన దేశంలో సాగు భూమిలో పశుగ్రాసానికి దక్కేది దాదాపు 4 శాతమే. మిగతా మేత చాలావరకు చొప్ప, వరిగడ్డి రూపంలో పంట నుంచే రావాలి. హైదరాబాద్ చొప్ప మండీల్లో ఇక్రిశాట్, ఇల్రి అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు లెక్క తీస్తే, పశువుకు జీర్ణమయ్యే శాతం 47 నుంచి 52కి పెరిగిన జొన్న చొప్పకు వ్యాపారులు పాతిక శాతం దాకా ఎక్కువ ధర ఇస్తున్నట్టు తేలింది. ఆ ఐదు శాతం తేడా రకంలోనే ఉంటుంది. గింజ దిగుబడి తగ్గకుండా ఆ తేడా తేవడమే మీ అమ్మాయి చేస్తానంటున్న పని. ఎండాకాలం గడ్డి కొనే రైతు ‘గడ్డి మీద పీహెచ్‌డీ ఏంటి’ అన్న చుట్టాల మాటను అలాగే ఉత్తరంలోకి ఎక్కించడం నాకు కష్టంగా అనిపించింది. వాళ్లకు చెప్పాల్సిన జవాబు మీ కొట్టంలోనే ఉంది.

లేత జొన్న మేసిన పశువు నాముకు చనిపోవడం మీ ఊళ్లో చూసే ఉంటారు. బెట్టకొచ్చిన పైరులో, నరికాక వచ్చే పిలకల్లో ఆ విషం ఎక్కువ. డుర్రిన్ అనే పదార్థం పశువు కడుపులో సైనైడ్‌గా మారడం వల్ల అలా జరుగుతుంది. డుర్రిన్ తక్కువగా ఉండే రకాలను వెతకడం కూడా జన్యుశాస్త్రమే. ఆర్మూరు, బాల్కొండ వైపు రైతులు పండించే ఎర్రజొన్న ఎక్కడికి పోతోంది? పశుగ్రాసపు విత్తనంగా హరియాణా, పంజాబ్, ఉత్తరప్రదేశ్‌లకు. విత్తన కంపెనీలు హైదరాబాద్ చుట్టూ చేరడం వెనక ఇలాంటి లెక్కలు చాలా ఉన్నాయి. మన దేశపు తొలి హైబ్రిడ్ జొన్న సీఎస్‌హెచ్-1 విడుదలైంది 1964లో. దాని వెనక ఉన్న శాస్త్రవేత్త ఎన్.జి.పి. రావు తెలుగువారే.

ఇప్పుడు జీన్ ఎడిటింగ్, అంటే మొక్కలో ఉన్న జన్యువునే సవరించడం. దీని మీద నాకున్న అనుమానాలు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరి నోటా ఇదే. 2025 మే నెలలో రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన జీనోమ్ ఎడిటింగ్ వరి ‘కమల’ను కేంద్రం ప్రకటించింది. కంకికి గింజలు పెరుగుతాయని, సుమారు 20 రోజుల ముందే కోతకు వస్తుందని ఐసీఏఆర్ చెప్పింది. విజ్ఞానం గొప్పదే. కానీ ఆ సవరణ చేసింది దేని మీద? 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి మీద. పొలంలో ఏళ్ల తరబడి ఏరి, వడగట్టి తయారుచేసిన రకం ముందుగా ఉంది కాబట్టి అందులో ఒక జన్యువును సవరించడానికి వీలైంది. ఏ జన్యువును సవరించాలో తెలిసిన చోటే ఈ పద్ధతి పనిచేస్తుంది. మేత దిగుబడి, బెట్టను తట్టుకోవడం, నరికాక మళ్లీ చిగురించడం లాంటి గుణాలకు పదుల కొద్దీ జన్యువులు చిన్న చిన్న వాటాలు వేస్తాయి. అక్కడ ఒక కత్తిరింపుతో ఒరిగేది కొంచెమే. పైగా జొన్నలో సవరించిన కణం నుంచి మళ్లీ మొక్కను తీయడమే పెద్ద కష్టం. ల్యాబులో పెంచే మొక్క ముక్కలోంచి ఫినాల్స్ అనే రసాయనాలు కారి కణజాలం నల్లబడి చచ్చిపోతుంది. ఆ పనిలో ఆరితేరిన ల్యాబులు కొన్నే, వాటిలో ఉద్యోగాలూ కొన్నే.

కన్సల్టెన్సీ చెప్పిన ‘గిరాకీ’ ఎవరికన్నది అడగండి. పది, పన్నెండేళ్ల అనుభవంతో ఒక పంటను లోతుగా తెలిసిన శాస్త్రవేత్తకు గిరాకీ ఉంది. ఏడాది కోర్సులో నాలుగు నెలల ప్రాజెక్టు చేసి వచ్చిన పిల్లకు కాదు. చాలా కన్సల్టెన్సీలకు పిల్లలను చేర్చినందుకు విశ్వవిద్యాలయం నుంచి కమీషన్ వస్తుంది, ఆ సంగతి మనసులో పెట్టుకుని వాళ్ల మాట వినండి. ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర శాస్త్రవేత్తల పోస్టులు డిసిప్లిన్ వారీగా వస్తాయి. ప్లాంట్ బ్రీడింగ్ పోస్టుకు ఆ పేరున్న డిగ్రీ అడుగుతారు, బయోటెక్నాలజీ వేరే డిసిప్లిన్. తప్పుదారిలో మాస్టర్స్ చేసి, తిరిగొచ్చి, ఈ ఒక్క కారణంతో దరఖాస్తు కూడా పెట్టలేక ఆగిపోయే పిల్లలు ఉన్నారు. బ్రీడింగ్ డిగ్రీ తీసుకుని మాలిక్యులర్ కోర్సులు మైనరుగా చదివితే రెండూ చేతిలో ఉంటాయి. బయోటెక్ చదివి తర్వాత పొలం నేర్చుకోవడం చాలా కష్టం.

పొలం పని అంటే ఏమిటో కొంచెం చూపిస్తాను. రెండు రకాలను సంకరం చేయాలంటే ముందు తల్లి మొక్క తన పుప్పొడితోనే గింజ కట్టకుండా చూడాలి. జొన్న కంకి కొన నుంచి కిందికి పూస్తుంది. పొట్టలోంచి బయటికొచ్చిన రెండు మూడు రోజులకు కొసన పూత మొదలవుతుంది. పూసిన కొసను కత్తిరించి, అడుగు భాగాన్నీ తీసేసి, మధ్యలో ఓ 40, 50 పువ్వులే ఉంచుతారు. సాయంత్రం పూట సన్నటి పట్టకారుతో ఒక్కో పువ్వులోంచి మూడు కేసరాలనూ నలగకుండా తీయాలి. ఒక్కటి చిట్లినా ఆ పువ్వును తీసిపారేయాలి. తర్వాత కాగితం సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున తండ్రి మొక్క పుప్పొడి తెచ్చి దులుపుతారు. అది కొన్ని గంటలే సజీవంగా ఉంటుంది, ఆలస్యం చేస్తే గింజ కట్టదు. ట్యాగు మీద తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా వానకు కరిగిపోతుంది. ఆ ట్యాగు పోతే ఆ సీజన్ పోయినట్టే. సజ్జలో ఈ తంటా తక్కువ. అందులో పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు ముందు వస్తాయి, కేసరాలు తర్వాత. కీలాగ్రాలు బయటపడకముందే సంచి తొడిగితే చాలు.

ఇలా మొదలైన సంకరం ఆరేడు తరాలు సాగాలి. తర్వాత పరిశోధన స్థానంలో పరీక్షలు, ఆ తర్వాత అఖిల భారత సమన్వయ పథకం కింద మూడేళ్ల పరీక్షలు. మొత్తం ఎనిమిది, పదేళ్లు. వేగంగా తరాలు తీసే ‘స్పీడ్ బ్రీడింగ్’ గురించి అమ్మాయి చెప్పే ఉంటుంది. రోజుకు 22 గంటల వెలుతురు పెట్టే ఆ పద్ధతి గోధుమ, బార్లీ, శనగలకు సరిపోయింది. జొన్న, వరి పొద్దు తగ్గితేనే పూసే పంటలు కాబట్టి వాటికి లెక్క మార్చుకోవాలి.

ల్యాబు అక్కర్లేదని కాదు నా ఉద్దేశం. సజ్జలో వెర్రి కంకి తెగులును తట్టుకునే హెచ్‌హెచ్‌బీ 67 ఇంప్రూవ్డ్ 2005లో విడుదలైంది. జన్యువు ఉన్న చోటును చూపే డీఎన్‌ఏ మార్కర్లతో తెగులు నిరోధక జన్యువులను వెతికి, పొలంలో తిరిగి తిరిగి సంకరం చేసి సాధించారు. నాకు నచ్చే దారి ఇదే. ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం రెండు వారాల్లో నేర్చుకోవచ్చు. రెండు వారాల వయసున్న లేత ఆకు తీసుకుంటే మంచిది, ముదురు ఆకులో ఫినాల్స్, జిగురు ఎక్కువై డీఎన్‌ఏ గోధుమరంగుకు తిరుగుతుంది. వంద ప్లాట్లలో ఏది నిజంగా మెరుగో, ఏది గట్టు పక్కన ఉండి ఏపుగా పెరిగిందో చెప్పగలిగే కన్ను రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

అమ్మాయికి నేరుగా ఒక సూచన. ఎమ్మెస్సీ థీసిస్‌కు బహువార్షిక గడ్డిని తీసుకోవద్దమ్మా. నేపియర్, గినీ గడ్డి రెండు మూడేళ్ల కోతల లెక్కలుంటే తప్ప ఏమీ చెప్పవు. నీకు దొరికేది ఒకటి, మహా అయితే రెండు సీజన్లు. మేత జొన్న గానీ సజ్జ గానీ తీసుకో. గైడును ఎంచుకునే ముందు విత్తనం చేతిలో ఉందా, జూన్ నాటికి వస్తుందా అని అడుగు. వానాకాలం జొన్న జూలై మధ్య దాటి వేస్తే మొవ్వు ఈగ సగం మొక్కల్ని తినేస్తుంది, మిగిలిన సగంతో గణాంకాలు చెప్పలేవు. గింజ పాలు పోసుకునే వేళ పిట్టల కాపలాకు మనిషి ఉండాలి, దానికి ప్రాజెక్టులో డబ్బుందో లేదో చూసుకో. మేత తూకంలో పచ్చి బరువు చూసి మోసపోవద్దు. ప్రతి ప్లాటు నుంచి అరకిలో నమూనా తీసి 60–65 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడగా వచ్చేదాకా ఆరబెట్టి, పొడి బరువు మీద లెక్క చూపు. గణాంకాలకు వాడే ‘ఆర్’ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టు.

బహువార్షిక గడ్డి జాతుల పని పీహెచ్‌డీకి దాచుకో. అది వేరే ప్రపంచం. గినీ గడ్డి, అంజన్ గడ్డి అపోమిక్సిస్ పద్ధతిలో గింజ కడతాయి. అంటే పరాగ సంపర్కం జరిగినా గింజలో ఉండేది తల్లి నకలే. లైంగికంగా గింజ కట్టే అరుదైన మొక్క దొరికితే తప్ప సంకరం సాధ్యం కాదు. సజ్జ నేపియర్ హైబ్రిడ్‌లో క్రోమోజోములు 21, మూడు సెట్లు కావడంతో గింజే రాదు, కణుపు ముక్కలే నాటాలి. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన ఏపీబీఎన్-1 ఆ కోవదే. ఇవి తెలిసినవారు దేశంలో తక్కువ. ఝాన్సీలో 1962లో పెట్టిన భారతీయ గడ్డిభూములు, పశుగ్రాస పరిశోధన సంస్థ దీనికి కేంద్రం. విదేశం మీదే మనసుంటే పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. జొన్నకు కాన్సస్ స్టేట్, టెక్సాస్ ఏ అండ్ ఎం, పర్డ్యూ. జొన్న వేళ్ల మీద బతికే కలుపు జొన్న మల్లెను తట్టుకునే రకాలకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న గెబిసా ఎజెటా పర్డ్యూ శాస్త్రవేత్తే. పచ్చిక గడ్డికి జార్జియాలోని టిఫ్టన్, వేల్స్‌లో 1919 నుంచి ఈ పని జరుగుతున్న ఏబరిస్ట్‌విత్, న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్. అమెరికాలో అసిస్టెంట్‌షిప్ దొరికితే సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు, నెలనెలా భృతి ఇస్తారు. నాలుగెకరాలు తాకట్టు పెట్టే అవసరం రాదు.

తండ్రిగారూ, పెళ్లి వయసు గురించి మీరు రెండు చోట్ల రాసి కొట్టేశారు, అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. కొడుకే ఈ చదువు అడిగి ఉంటే ఆ వాక్యం రాసేవారా? పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్న అమ్మాయిలు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు. అడగాల్సింది చదువు ఎప్పుడు అయిపోతుందని కాదు. ఏ గైడు, ఏ పంట, ప్రాజెక్టు నిధులు ఏ నెల దాకా ఉన్నాయి, ఆ గైడు దగ్గర ఇంతకుముందు చేరినవాళ్లు ఎన్నేళ్లలో బయటికొచ్చారు అని అడగండి. ఈ నాలుగింటికి సూటిగా జవాబు రాకపోతే గైడును మార్చుకోమనండి, సబ్జెక్టును కాదు.

లోను కాగితాల మీద సంతకం పెట్టకుండా ఒక వానాకాలం ఆగండి. ఆగస్టు చివర, సెప్టెంబరులో జొన్న పూతకొస్తుంది. పాలెం పరిశోధన స్థానం మీకు దగ్గరే, రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. అమ్మాయి తన కాలేజీ ద్వారా ముందే అనుమతి రాయించుకుని, సంకరాలు జరిగే రోజుల్లో ఓ వారం అక్కడ పనిచేయనివ్వండి. ఒక సాయంత్రం మీరూ వెళ్లి గట్టు మీద కూర్చుని చూడండి. తను ఎన్ని కంకులకు సంచులు తొడిగిందో, వారం తర్వాత వాటిలో ఎన్నింటికి గింజ కట్టిందో లెక్కపెట్టి రాయండి. ఆ ఉత్తరానికి జవాబు ఇంకా సులువుగా ఇస్తాను.