అమ్మానాన్నలను మైయర్ గార్డెన్స్‌కి తీసుకెళ్తున్న తమ్ముడికి

ప్రశ్న: మేము మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌కి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. ఫ్రెడరిక్ మైయర్ గార్డెన్స్ చూపించాలని ఉంది. ఒక్క శనివారంలో తోటలు, శిల్పాలు అన్నీ కవర్ చేయాలంటే ఏ వరసలో వెళ్లాలి? ఎన్ని గంటలు పెట్టుకోవాలి?

జవాబు: మ్యాప్ లోపలికి వెళ్లగానే ఇస్తారు తమ్ముడూ. టైమింగ్స్, టికెట్ రేట్లు వాళ్ల సైట్‌లో ఉంటాయి, మారుతూ ఉంటాయి కాబట్టి ముందురోజు ఒకసారి చూసుకో. పార్కింగ్ ఫ్రీ. ఐ-96 హైవే దిగి ఈస్ట్ బెల్ట్‌లైన్ రోడ్డు ఎక్కితే వచ్చేస్తుంది. నువ్వు అడిగినదానికి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. నువ్వు అడగనిది ఒకటుంది. శనివారం సరే, సోమవారం నుంచి శుక్రవారం దాకా అమ్మానాన్న ఏం చేస్తారు?

ఆ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటున్నావు కదూ. నేనూ అలాగే అనుకున్నాను.

మా అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు నా ప్లానింగ్ చూసి మా ఆయనే భయపడ్డాడు. జూలై నెల, మిట్టమధ్యాహ్నం. ఫోన్‌లో లిస్టు: పెద్ద గుర్రం, సాలీడు, రోడాన్ అనే ఫ్రెంచి శిల్పి చేసిన ఈవ్ విగ్రహం, పిల్లల తోట, జపాన్ తోట. ఆ ప్రాంగణం మొత్తం 158 ఎకరాలు. అమ్మ చీర కట్టుకుని, హవాయి చెప్పులు వేసుకుని బయల్దేరింది. షూస్ కొందామంటే "ఇంత డబ్బు పెట్టి ఎందుకే, తిరిగేది ఒక్కరోజేగా" అంది. నేనూ సరేనన్నాను. నాన్నకి మోకాళ్ల నొప్పులు. గైడ్ వివరిస్తూ తిప్పి చూపించే ట్రామ్ ఒకటుందని, దానికి వేరే టికెట్ తీసుకుంటే సరిపోతుందని నాకు తెలీదు. డెస్క్ దగ్గర అడిగితే వీల్‌చైర్ ఇస్తారనీ తెలీదు. అడిగితే కదా తెలిసేది!

గుర్రం దగ్గరికి చేరేసరికి నాన్న మాట్లాడటం మానేశాడు. 24 అడుగుల కంచు గుర్రం అది. లియొనార్డో డావిన్చి మిలాన్ ప్రభువు కోసం ఓ మహా గుర్రాన్ని పోతపోయాలని మట్టి నమూనా దాకా చేశాడట. 1499లో ఊరు పట్టుకున్న ఫ్రెంచి సైనికులు దాన్ని బాణాలతో కొట్టి పాడుచేశారు. అయిదొందల ఏళ్ల తర్వాత నీనా అకాము అనే శిల్పి, ఆ ఆలోచనకి గౌరవంగా, రెండు గుర్రాలు పోతపోయించింది. ఒకటి మిలాన్‌లో ఉంది, రెండోది మన ఊళ్లో. ఈ కథంతా నేను గడగడా అప్పజెబుతుంటే నాన్న దాని పొట్ట కింద నీడ చూసుకుని నిలబడ్డాడు. ఫోటో తీశాను. ఆ ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది, చూసిన ప్రతివాళ్లూ బాగుందంటారు. ఆ రాత్రి ఇల్లంతా జండూబామ్ వాసన.

సోమవారం మేమిద్దరం ఆఫీసుకి పోయాం. వాళ్లిద్దరూ అపార్ట్‌మెంట్‌లో. ఇక్కడ పగలు కారిడార్లో మనిషి అలికిడి ఉండదు, నీకూ తెలిసే ఉంటుంది. కింద పార్కింగ్‌లో ఏ కారు ఎప్పుడు వస్తుందో, ఏది పోతుందో అమ్మకి కంఠతా వచ్చేసింది. మధ్యాహ్నం మూడింటికి వచ్చే పోస్టు వ్యాన్ కోసం నాన్న ముందే కిటికీ దగ్గర కూర్చునేవాడు. గురువారం రాత్రి అన్నం తింటూ అడిగాడు: "ఆ తోటకి మళ్లీ ఎప్పుడు?"

"చూసేశాం కదా నాన్నా" అన్నాను.

నీ ప్రశ్నలో "కవర్ చేయాలి" అన్న ముక్క చూడగానే నాకు ఆ గురువారమే గుర్తొచ్చింది. అందుకే చెబుతున్నా, శనివారం టికెట్లు కొనకు, మెంబర్‌షిప్ తీసుకో. గెస్టులను వెంట తీసుకెళ్లే వీలున్న స్థాయి చూసి తీసుకో. నలుగురూ రెండు మూడుసార్లు వెళ్తే ఎటూ లెక్క సరిపోతుంది. అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ పథకంలో చేరిన తోట మెంబర్‌షిప్ ఉంటే ఆ పథకంలోని ఇతర తోటల్లో ఫ్రీగానో తక్కువకో రానిస్తారు, ఆ వివరాలు కార్డు తీసుకునేటప్పుడే కనుక్కో. డాలర్లని రూపాయల్లోకి మార్చి మీ నాన్నగారి ముందు మాత్రం చెప్పకు. కొత్తలో మనందరికీ ఉండే జబ్బే అది, తగ్గుతుందిలే.

రెండోసారి అమ్మానాన్న వచ్చినప్పుడు నేను కొంచెం తెలివిమీరాను. పొద్దున ఆఫీసుకి పోతూ వాళ్లని గేటు దగ్గర దింపేదాన్ని, లంచ్‌కి వచ్చి తీసుకెళ్లేదాన్ని. ఏదీ మొత్తం చూడక్కర్లేదన్నాను. ఓ రోజు ఓ మూల కూర్చోండి, చాలన్నాను.

అమ్మ తన మూల తనే వెతుక్కుంది. మిషిగన్ ఫార్మ్ గార్డెన్ అని 1930ల నాటి పల్లె ఇల్లు, పెరడు కట్టారు, ఫ్రెడ్ మైయర్ భార్య లీనా పుట్టిపెరిగిన ఇంటి నమూనాలో. అవును, మనం కూరగాయలు కొనే మైయర్ స్టోర్ల మైయరే. స్థలమూ, శిల్పాలూ చాలా మట్టుకు ఆయన చలవే, 1995లో తెరిచారు. ఇంత భూమి ఊరికి ఇచ్చేశాడా అని నాన్న ఓ పట్టాన నమ్మలేదు. అక్కడ చిక్కుడు తీగల దగ్గర ఒక అమెరికన్ ఆవిడ, వాలంటీర్ అనుకుంటా, కలుపు తీస్తోంది. అమ్మ వంగి ఒక ఆకుని వేళ్లతో తిరగేసింది. అడుగున ఈనె పొడవునా పేనుబంక. ఆవిడని చెయ్యి ఊపి పిలిచి చూపించింది. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని చూసి, తల పట్టుకుంది. "బూడిద చల్లమని చెప్పవే" అంది అమ్మ నాకు ఫోన్ చేసి. మీటింగ్‌లో ఉన్నాను. బయటికొచ్చి స్పీకర్‌లో ఆవిడకి బూడిద సంగతి చెప్పాను. ఆ తర్వాత అమ్మ వెళ్తే ఆవిడ దూరం నుంచే చెయ్యి ఊపేది. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు.

నాన్నది జపాన్ తోట. హోయిచి కురిసు అనే ఆయన డిజైన్ చేశాడు, 2015లో తెరిచారు, 8 ఎకరాలు, మధ్యలో చెరువు, జలపాతాలు. అక్కడ నేల మీద ఒరిగినట్టు రాగి బుద్ధుడి తల ఒకటుంటుంది, జాంగ్ హువాన్ అనే చైనా శిల్పి చేసింది. నాన్న మొదట "ఎవరు పడగొట్టారమ్మా ఇది?" అన్నాడు. టిబెట్‌లో పగిలిపోయిన విగ్రహాల ముక్కలు చూసి ఆ శిల్పి ఇలాంటివి చేస్తుంటాడని చెప్పాను. చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత వెళ్లినప్పుడల్లా అదే బెంచీ. ఆ బెంచీ మీదే గుంటూరు వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన మాస్టారొకాయన తగిలాడు. ఇక పోస్టు వ్యాన్ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

శిల్పాలన్నీ వాళ్లకి నచ్చాలని పట్టుబట్టకు. లూయీజ్ బూర్జ్వా అనే శిల్పి చేసిన సాలీడు చూసి అమ్మ మొహం తిప్పుకుంది. మట్టిలో గుచ్చినట్టుండే ఓల్డెన్‌బర్గ్ అనే శిల్పి చేసిన ఎర్ర తాపీ చూసి మాత్రం ఇద్దరూ తెగ నవ్వారు. ఐ వేవే అనే చైనా కళాకారుడు చేసిన ఇనుప చెట్టు దగ్గర ఆగండి. వేర్వేరు చెట్ల భాగాలకి అచ్చులు తీసి, ఇనుములో పోసి, బోల్టులతో బిగించాడు. నాన్న ఒక్కో బోల్టునూ లెక్కపెడుతూ నిలబడ్డాడు, రిటైరైన ఫిట్టర్ కదా.

జూన్‌లో ఇక్కడ తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. మంగళవారాలు రాత్రి 9 దాకా తెరిచి ఉంచేవారు, ఈ సీజన్‌కి ఎలా పెట్టారో చూసుకో. ఆఫీసు నుంచి వచ్చాక వెళ్తే ఎండ ఉండదు, పిల్లల గోలా తగ్గుతుంది. ఆంఫీ థియేటర్‌లో కచేరీ ఉన్న రోజులు మాత్రం వదిలెయ్, కార్ల రద్దీ ఎక్కువ.

అమ్మానాన్న సెప్టెంబరులోనో అక్టోబరులోనో వెళ్లిపోతారు. ఆ తర్వాతి సంగతి కూడా చెప్పనీ. "మేము" అని రాశావు, మీ ఆవిడ ఉద్యోగం చేస్తోందా? హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉంటే ఆమె కోసమైనా కార్డు ఉంచుకో. నా మొదటి చలికాలం నేనలాగే గడిపాను, సాయంత్రం అయిదింటికే చీకటి, లేక్ మిషిగన్ మీద నుంచి వచ్చే మంచు, ఎవరితో మాట్లాడాలన్నా ఇండియాలో అర్ధరాత్రి. పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ ఫిబ్రవరిలో ఒకనాడు లాక్కుపోకపోతే ఆ తోటలో గాజు హాలు ఉందనే నాకు తెలిసేది కాదు. అయిదంతస్తుల ఎత్తు ఉంటుంది. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే కళ్లజోడు తెల్లగా ఆవిరి పట్టేసింది. ఏమీ కనబడలేదు కానీ తడిమట్టి వాసన ముక్కుకి తగిలింది. కోటు విప్పి చేతిమీద వేసుకుని అలా నిలబడిపోయాను. మార్చి, ఏప్రిల్‌లలో అదే హాల్లో ఉష్ణదేశాల సీతాకోకచిలుకలను వదులుతారు, ప్యూపాలోంచి అవి బయటికి రావడం కూడా చూడొచ్చు. బయటికి వచ్చేటప్పుడు బట్టలు దులుపుకో, ఒక్కోటి భుజం మీద ఎక్కి వచ్చేస్తుంది.

వాలంటీర్‌గా చేరతానంటే మీ ఆవిడని ప్రోత్సహించు. వీసా నిబంధన ఒకసారి సరిచూసుకోండి, అది నేను చెప్పే పని కాదు. నేనైతే అలా చేరాకే ఈ ఊళ్లో నాకంటూ నలుగురు ఏర్పడ్డారు. ఇప్పుడు డెస్క్ దగ్గర పేరు పెట్టి పిలుస్తారు నన్ను. సరిగ్గా పలకరనుకో.

మీ అమ్మగారికి షూస్ ఇప్పుడే కొని పంపించు. రోజూ సాయంత్రం వీధిలో వేసుకుని నడవమను, ఇక్కడికొచ్చాక కొత్త షూస్ కరిస్తే మళ్లీ హవాయి చెప్పులే. మీ అపార్ట్‌మెంట్ ఏ వైపో రాయలేదు. 28వ స్ట్రీట్ చుట్టుపక్కలే అయితే చెప్పు, మంగళవారాలు నా కారులో ఇద్దరికి చోటుంది.