మానవ హక్కులకూ కతోలిక ప్రార్థనకూ సంబంధం ఏమిటి?

"హక్కులు కోర్టు వ్యవహారం కదా, గుడిలో వాటి ఊసెందుకు?" అని అడిగారు. కతోలికుల లెక్కలో హక్కు ప్రభుత్వం ఇచ్చేది కాదు. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని ఆదికాండం చెబుతుంది. ఆ పోలిక నుంచే గౌరవం, ఆ గౌరవం నుంచే హక్కు. తిండి, వైద్యం, పని, మత స్వేచ్ఛ వంటి హక్కులను 23వ జాన్ పోపు 1963లో తన విశ్వలేఖలో, అంటే పోపు అందరికీ రాసే బోధనా లేఖలో, వరసగా పేర్కొన్నారు. మత స్వేచ్ఛను మాత్రం శ్రీసభ, అంటే కతోలిక చర్చి, తేలిగ్గా ఒప్పుకోలేదు. 1864లో ఖండించి, 1965లో ప్రపంచంలోని బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభలో అంగీకరించింది. మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని సత్యోపదేశంలో, అంటే తన అధికారిక బోధనల పుస్తకంలో, రాసుకున్నదైతే 2018లోనే.

ప్రార్థనలో ఇది ఎక్కడ కనిపిస్తుంది? ఆదివారం పూజలో ప్రసంగం, విశ్వాస సంగ్రహం (నమ్మకాలను అందరూ కలిసి చెప్పే ప్రకటన) అయ్యాక విశ్వాసుల ప్రార్థన ఉంటుంది. ఒకరు లేచి పాలకుల కోసం, రోగుల కోసం, కష్టాల్లో ఉన్నవారి కోసం ఒక్కో మనవి చదువుతారు. "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అని అందరూ అంటారు. యేసు నేర్పిన పరలోక జపంలోనూ "నా తండ్రీ" అని ఉండదు, "మా తండ్రీ" అనే. పక్క బల్ల మీదివాడూ అందులో ఉన్నట్టే.

ఆచరణ వేరే సంగతి లెండి. శ్మశానంలో కులం గోడ కట్టుకున్న విచారణలు, అంటే స్థానిక చర్చి సంఘాలు, మన దేశంలోనే ఉన్నాయి. శ్రీసభలో దళితుల పట్ల వివక్ష ఉందని భారత బిషప్పులే 2016లో ఒప్పుకున్నారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు తొలి దళిత కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి పెద్ద) అయ్యారు.